థాంక్స్‌గివింగ్, తెల్లవారుజాము షాపింగ్: మా ఇంటికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు

మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. 2004లో వచ్చాం. ప్రతి నవంబర్‌లో థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికి పాతిక మంది దాకా వస్తారు: మా మరిది కుటుంబం, మా ఆయన స్నేహితులు, రట్గర్స్‌లో చదువుకునే పిల్లలు, ఇండియా నుంచి వచ్చి ఉన్న ఎవరో ఒకరి అమ్మానాన్నలు. పండుగ మర్నాడు, శుక్రవారం, షాపుల్లో ధరలు బాగా తగ్గిస్తారు కాబట్టి తెల్లవారుజామునే కొనడానికి వెళతారు. అందుకే అక్టోబర్ చివర్లోనే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, టీవీ అప్పుడే కొనాలా?" అని ఒకరు, "వదినా, ఆ రోజు అత్తయ్యగారు నాన్‌వెజ్ తినరు కదా, ఏం చేద్దాం?" అని ఒకరు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే కొత్తగా వచ్చినవాళ్లకు కూడా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఏ రోజు వస్తుంది? సెలవు ఎన్ని రోజులు?

నవంబర్‌లో నాలుగో గురువారం. 2025లో 27న వచ్చింది, 2026లో 26న వస్తుంది. దేశమంతటికీ సెలవు గురువారం ఒక్కరోజే. శుక్రవారం చాలా ఆఫీసులు, బడులు తమంతట తాముగా సెలవు ఇస్తాయి కాబట్టి శని ఆదివారాలతో కలిపి నాలుగు రోజులు చేతికి వస్తాయి. గంటల లెక్కన జీతం తీసుకునే కన్సల్టెంట్లు మాత్రం ముందే కనుక్కోండి. మా ఆయనకు మొదటి రెండేళ్లు ఈ రెండు రోజుల జీతం వచ్చేది కాదు. నవంబర్ జీతం తగ్గుతుందని తెలియక, వస్తుందనుకున్న డబ్బు లెక్కేసుకుని షాపింగ్ చేస్తే డిసెంబర్‌లో అద్దె దగ్గర ఇబ్బంది అవుతుంది.

టొరంటోలో చుట్టాలున్నవాళ్లు తికమక పడకండి. కెనడాలో ఇదే పండుగ అక్టోబర్ రెండో సోమవారం వస్తుంది.

అసలు ఈ పండుగ ఎందుకు చేస్తారు?

1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్ దగ్గర, ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చి స్థిరపడినవాళ్లు మొదటి పంట ఇంటికి వచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారు. ఆ నేల అసలు వాంపనోగ్ జాతి వాళ్లది. వాళ్ల పెద్ద మసాసోయిట్, ఆయనతో పాటు సుమారు 90 మంది మగవాళ్లు ఆ విందులో ఉన్నారు. వాళ్లు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. ఇది పంట పండుగ అని చెబితే మా అత్తయ్యగారికి వెంటనే అర్థమైంది. "అయితే సంక్రాంతేగా" అన్నారు.

కానీ మన పిల్లలకు కథ అక్కడితో ఆపేయకూడదని నా అభిప్రాయం. ఆ విందు జరిగిన 54 ఏళ్లకు, 1675లో, వాళ్ల వారసుల మధ్యే పెద్ద యుద్ధం వచ్చింది. వాంపనోగ్‌లు మనుషుల్నీ నేలనూ పోగొట్టుకున్నారు. 1970 నుంచి ప్రతి థాంక్స్‌గివింగ్ నాడు అక్కడి ఆదివాసులు ప్లిమత్‌లోనే చేరి సంతాప దినం పాటిస్తున్నారు. మా పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఈ సంగతి తెలుసుకుని "మరి మనం చేసుకోవచ్చా?" అని అడిగింది. చేసుకుందాం, ఆ నేల ఎవరిదో కూడా ఆ రోజే చెప్పుకుందాం అన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో భోజనానికి ముందు ఆ రెండు ముక్కలూ తనే చెబుతుంది.

దేశమంతా ఒకే రోజు చేసుకోవడం లింకన్‌తో మొదలైంది. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ పట్టుబట్టింది. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863లో లింకన్ నవంబర్ చివరి గురువారం జరుపుకోమని ప్రకటించాడు. 1939లో నవంబర్‌కి ఐదు గురువారాలు వచ్చాయి. చివరి గురువారం 30వ తేదీ. అలాగైతే క్రిస్మస్ అమ్మకాలకు రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకుంటే అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ పండుగను వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు, టెక్సస్‌లో రెండు రోజులూ చేసుకున్నారు. 1941లో కాంగ్రెస్ నాలుగో గురువారం అని చట్టం చేశాక గొడవ తీరింది. అంటే ఈ పండుగకూ షాపింగ్‌కూ ఉన్న చుట్టరికం ఈమధ్య పుట్టింది కాదు, తేదీలోనే ఉంది.

గురువారం కదా, నాన్‌వెజ్ తినేదెలా?

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మా అత్తయ్యగారిది విశాఖపట్నం. ఆవిడ గురువారం అనరు, లక్ష్మీవారం అంటారు. మార్గశిరంలో వచ్చే లక్ష్మీవారాలంటే ఆ ఊళ్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూ జనం ఇసక వేస్తే రాలరు. థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ లక్ష్మీవారమే. పైగా అది కార్తీకంలో అయినా పడుతుంది, మార్గశిరంలో అయినా పడుతుంది. 2024లో నవంబర్ 28 నాటికి కార్తీకం ఇంకా వెళ్లలేదు. 2025లో 27వ తేదీ సరిగ్గా మార్గశిరం మొదటి లక్ష్మీవారం. 2026లో మళ్లీ కార్తీకం.

మొదట్లో దీని మీద ఇంట్లో టెన్షన్‌గా ఉండేది. పిల్లలకు బళ్లో అందరూ చెప్పుకునే టర్కీ, అంటే ఈ పండుగకు వండే పెద్ద కోడిలాంటి పక్షి, కావాలి, ఆవిడకు ఆ వాసన ఆ రోజు ఇంట్లో ఉండకూడదు. ఇద్దరి మాటా సబబే. చివరికి మా తోడికోడలే దారి చూపించింది. వాళ్ల ఇల్లు పది నిమిషాల దూరం. పొద్దున్న పూజ, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. సాయంత్రం టర్కీ వాళ్ల ఇంట్లో. 2025లో అత్తయ్యగారు తెల్లవారుజామునే లేచి తలంటుకుని, గడప కడిగి ముగ్గేసి, మొదటి వారం నైవేద్యం కాబట్టి పులగం వండారు. పెసరపప్పు వేగిన వాసన మేడ మీద దాకా వచ్చింది. వచ్చిన స్టూడెంట్ పిల్లల్లో ఇద్దరు శ్రీకాకుళం వాళ్లు. పులగం విస్తట్లో పడగానే ఒకమ్మాయి ఫోన్ తీసి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పటికి రాత్రి పదకొండు దాటింది. తల్లీ అత్తయ్యగారూ పావుగంట మాట్లాడుకున్నారు.

కార్తీకంలో పడిన ఏడాది అత్తయ్యగారి కోసం మేమిద్దరం కూడా తినం. పిల్లలు తింటారు. మీ ఇంట్లో ఎవరి పట్టింపు ఏదైనా, పండుగకు వారం ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఆ రోజు పొయ్యి దగ్గర తేల్చుకునే విషయం కాదిది.

టర్కీ మన పద్ధతిలో ఎలా వండాలి?

ముందు కరగడం గురించి. కోడిలా పొద్దున్న బయట పెడితే మధ్యాహ్నానికి కరిగిపోదు. బయట పెట్టకూడదు కూడా, లోపల గడ్డగానే ఉండి పైమాంసం పాడవుతుంది. ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుందని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. 14 పౌండ్ల టర్కీని మేము ఆదివారం పొద్దున్నే ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో, అంచులున్న ట్రేలో పెడతాం. బుధవారానికి కరుగుతుంది.

బుధవారం రాత్రి దాని పొట్టలో చెయ్యి పెట్టి వెతకండి. మెడ, గుండెకాయ, కార్జం ఒక చిన్న సంచిలో పెట్టి ఉంటాయి. తెలియకపోతే సంచితో సహా ఓవెన్‌లోకి వెళ్లిపోతుంది. మా తోడికోడలు వాటితో మిరియాల వేపుడు చేసి ఆ రాత్రికే పెట్టేస్తుంది.

మసాలాకి: పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, గరంమసాలా, నిమ్మరసం, ఉప్పు, కాస్త నూనె. దీన్ని పైన పూస్తే లాభం లేదు. రొమ్ము దగ్గర చర్మం కిందికి వేళ్లు నెమ్మదిగా పోనిచ్చి, చర్మం చిరగకుండా మాంసం నుంచి విడదీసి, ఆ సందులో ముద్ద కూరాలి. తొడలకు లోతుగా గాట్లు పెట్టాలి. చర్మం పైన మాత్రం పెరుగు లేకుండా వెన్న, కారం, పసుపు. పెరుగు పూస్తే మాడుతుంది.

ఓవెన్ 325 డిగ్రీల ఫారెన్‌హీట్. 14 పౌండ్లకు మూడు గంటల నుంచి మూడు ముప్పావు. రంగు చూసి దించకండి. 2010లో మేము అలాగే చేశాం. పైన బంగారంలా ఉంది, కోస్తే తొడ దగ్గర ఎర్రగా ఉంది. పాతిక మంది ప్లేట్లు పట్టుకుని ఇంకో గంట ఆగారు. పదిహేను డాలర్ల థర్మామీటర్ కొనుక్కుని, తొడలో బాగా లావైన చోట ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. 165 డిగ్రీలు చూపించాలి. దించాక అరగంట కదపకుండా వదిలేస్తే కోసినప్పుడు రసం కారిపోదు.

శాకాహారులకు ఏం ఉంటుంది?

మా ఇంట్లో అసలు భోజనం వాళ్లదే. ఆ నెలలో దొరికే తియ్యగుమ్మడికాయతో దప్పళం, చిలగడదుంపలతో వేపుడు, గ్రీన్ బీన్స్ కొబ్బరికూర, పులిహోర. అన్నిటికన్నా ముఖ్యం క్రాన్‌బెర్రీ పప్పు. పచ్చి క్రాన్‌బెర్రీలు ఈ రెండు నెలలే షాపుల్లో సంచుల్లో వస్తాయి. మన న్యూజెర్సీ దక్షిణాన పైన్ బారెన్స్‌లోనే పండుతాయి. పులుపు వాక్కాయకు దగ్గరగా ఉంటుంది. తాలింపులో ఎండుమిర్చి, ఇంగువ వేగాక కాయలు వేసి మూత పెట్టండి, ఒక్కొక్కటీ టప్‌మని పగులుతుంది. సగం పగిలాక ఉడికిన కందిపప్పులో కలిపేయడమే. చింతపండు అక్కర్లేదు. మిగిలిన రెండు సంచులు ఫ్రీజర్లో వేసుకుంటే ఉగాది దాకా వస్తాయి.

పండుగ మర్నాటి శుక్రవారాన్ని బ్లాక్ ఫ్రైడే అని ఎందుకంటారు?

ఆ రోజు నుంచి షాపుల లెక్కలు ఎర్ర సిరా నుంచి నల్ల సిరాకు, అంటే నష్టం నుంచి లాభానికి మారతాయి కాబట్టి అని అందరూ చెబుతారు. అది 1980లలో అల్లిన వివరణ. అంతకుముందే, 1950, 60లలో ఫిలడెల్ఫియా పోలీసులు ఆ శుక్రవారాన్ని అలా పిలిచేవారు. పండుగ మర్నాడు షాపింగ్‌కి వచ్చే జనం, శనివారం ఆర్మీ, నేవీ జట్ల ఫుట్‌బాల్ ఆటకు వచ్చే జనం కలిసి ఊరు కిక్కిరిసిపోయి, పోలీసులకు సెలవు కూడా దొరికేది కాదు.

ఇప్పటికీ తెల్లవారుజామున లైన్లో నిలబడాలా?

కొనడం కోసమైతే అక్కర్లేదు. చాలా ధరలు ఆన్‌లైన్‌లో ముందు వారమే వచ్చేస్తున్నాయి. అయినా మేము ఇప్పటికీ వెళతాం. ఎందుకో చెప్పాలంటే 2005 గురించి చెప్పాలి.

ఆ రోజుల్లో గురువారం పేపర్ ఇటుకంత లావుగా వచ్చేది, నిండా షాపుల ప్రకటనలే. భోజనాలయ్యాక బల్ల తుడిచి, ఆ కాగితాలన్నీ పరిచి, ఎవరికి ఏం కావాలో పెన్నుతో చుట్టేవాళ్లం. మా ఆయనకు ల్యాప్‌టాప్, మరిదికి పెళ్లి కుదిరింది కాబట్టి కెమెరా, నాకు మా నాన్నగారికి పంపడానికి బీపీ చూసే మిషన్. రాత్రి ఒంటిగంటకు వెళితే అప్పటికే షాపు గోడ వెంట లైన్ మలుపు తిరిగింది. తలుపులు తీసేది ఐదింటికి. నేను రెండు జతల సాక్సులు, మంకీ క్యాప్, పైన మా ఆయన పాత జర్కిన్ వేసుకున్నాను. అయినా మూడింటికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లాం. మా ముందు ఒక పెద్దావిడ ఉంది, అమెరికన్, మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. మనవడికి వీడియో గేమ్ కోసం వచ్చిందట. ఫ్లాస్కు మూతలో ఆవిడకూ కాఫీ పోసి ఇచ్చాం. చక్కెర ఎక్కువైందన్నా మొత్తం తాగింది. నాలుగింటికి ఆవిడ లేచి తన కుర్చీ నాకిచ్చి, "నువ్వు కాసేపు కూర్చో" అంది. ఈ దేశంలో ఏడాది గడిచినా నాతో అంతసేపు మాట్లాడిన బయటి మనిషి అంతకుముందు లేదు.

తర్వాత వ్యవహారం మారింది. 2011కి అర్ధరాత్రి తలుపులు తీయడం మొదలైంది. ఇంకో రెండేళ్లకు పండుగ నాటి రాత్రి ఎనిమిదింటికే తెరిచారు. పిల్లలు భోజనం మధ్యలో లేచి వెళ్లిపోయేవారు. అక్కడ పనిచేసేవాళ్లకైతే అసలు పండుగే లేదు. మేము ఆ ఏళ్లలో గురువారం గడప దాటకూడదని నియమం పెట్టుకున్నాం. 2020లో కరోనా వచ్చి పెద్ద షాపులు గురువారం మూసేశాయి. తర్వాత చాలావరకు అదే పద్ధతి నిలబడింది. ఇప్పుడు శుక్రవారం ఐదు నుంచి ఏడు మధ్యలో తెరుస్తున్నారు. ఇది నాకు చాలా సంతోషం.

మీతో వస్తే ఎన్నింటికి బయలుదేరాలి?

నాలుగున్నరకు మా ఇంటి ముందు. ఎలిజబెత్‌లో జెర్సీ గార్డెన్స్ మాల్‌కి వెళతాం, పార్కింగ్ దొరకాలంటే అప్పుడే వెళ్లాలి. చలికి పొరలుగా వేసుకోండి, లోపల షాపుల్లో హీటర్ల వల్ల చెమట పడుతుంది. చేతిలో జాబితా ఉండాలి, దాని పక్కన మామూలు ధర రాసి ఉండాలి. ఎనిమిదింటికల్లా ముగించి, ఓక్ ట్రీ రోడ్డులో ఇడ్లీ తిని ఇంటికొచ్చి పడుకుంటాం. ఆదివారం షాపింగ్ పెట్టుకునేవాళ్లు పారమస్ వైపు వెళ్లకండి. అది ఉన్న బర్గెన్ కౌంటీలో ఆదివారం బట్టలు, ఎలక్ట్రానిక్స్ అమ్మకూడదని పాత చట్టం ఇంకా ఉంది, పారమస్ మాల్స్ మూసి ఉంటాయి.

ప్రకటనలో ఉన్న ధరకు షాపులో దొరకలేదు. ఎందుకు?

ప్రకటన కింద సన్నటి అక్షరాలు చదవండి. డోర్‌బస్టర్ అన్నవి, అంటే జనాన్ని రప్పించడానికి బాగా తక్కువ ధర పెట్టినవి, షాపుకు ఐదో పదో ఉంటాయి. ఎన్ని ఉన్నాయో అక్కడే రాస్తారు. కొన్నిచోట్ల తెరవడానికి ముందే లైన్లో చీటీలు పంచుతారు, చీటీ అందనివాళ్లకు ఇక ఆ వస్తువు లేనట్టే.

ఇంకో సంగతి. 2007లో ఒక షాపులో ప్రింటర్ కొన్నాను. రిబేట్ పోను 20 డాలర్లని ప్రకటన. కౌంటర్‌లో 90 కట్టాలి, మిగతా 70 పోస్టులో వస్తుంది. డబ్బా మీది బార్‌కోడ్ కత్తిరించి, అసలు రసీదుతో కలిపి పంపాను. రెండు నెలలకు, "మీ దరఖాస్తులో కాగితాలు సరిగా లేవు" అని ఉత్తరం వచ్చింది. డబ్బా కోసేశాను కాబట్టి ప్రింటర్ తిరిగి ఇచ్చే దారి కూడా లేదు. ఆ 70 డాలర్లు అప్పట్లో మాకు వారం సరుకులు. ఇప్పటికీ కొన్నిటికి ఇలాంటి రిబేట్లు ఉన్నాయి. కౌంటర్‌లో కట్టే డబ్బే ధర అనుకోండి, తర్వాత వస్తుందన్నది లెక్కలో వేసుకోకండి.

టీవీ అప్పుడే కొనాలా?

మోడల్ నంబర్ చూసి కొనండి. ఈ సీజన్ కోసమే కొన్ని మోడళ్లు తయారవుతాయి. పేరు, సైజు అవే ఉంటాయి, ఒకటో రెండో పోర్టులు తగ్గుతాయి, తెర నాణ్యత తగ్గుతుంది. ఆ నంబర్‌తో మామూలు రోజుల్లో రివ్యూ ఒక్కటీ కనిపించకపోతే అలాంటిదే అనుకోవచ్చు. వంటింట్లో పెట్టుకోవడానికి అది చాలు, హాల్లో పదేళ్లు ఉండాల్సినదానికి వద్దు.

ఇండియాకి పట్టుకెళ్లడానికి ఏం కొనచ్చు?

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లంతా అడిగేది ఇదే. ముందు కరెంటు సంగతి. ఇక్కడ 120 వోల్టులు, మనకు 230. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్ల మీద 100 నుంచి 240 అని ఉంటుంది, అవి నిశ్చింతగా పనిచేస్తాయి. ఇన్‌స్టంట్ పాట్, బ్లెండర్, హెయిర్ డ్రయర్ లాంటివి ఇక్కడి కరెంటుకే చేసినవి. మా పిన్ని కోసం తీసుకెళ్లిన బ్లెండర్ ప్లగ్ పెట్టిన నిమిషంలో పొగలొచ్చి ఆగిపోయింది. అడాప్టర్ పెట్టాం కదా అనుకున్నాం. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని మార్చదు.

ఫోన్ కొంటే అన్‌లాక్డ్ అని రాసి ఉన్నదే కొనండి. నెలనెలా బిల్లులో తగ్గిస్తామనే ఆఫర్లలో ఫోన్ ఆ కంపెనీకి రెండు మూడేళ్లు కట్టుబడి ఉంటుంది. ఐఫోన్ 14 నుంచి ఇక్కడ అమ్మేవాటిలో సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఇ-సిమ్. పెద్దవాళ్లకు ఇచ్చేటట్లయితే వాళ్ల నంబర్ ఇ-సిమ్‌కి మార్చే పని కూడా మీరే దగ్గరుండి చూడాలి.

కస్టమ్స్ దగ్గర 18 ఏళ్లు దాటినవాళ్లు తలా ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకెళ్లచ్చు. టీవీకి సుంకం కట్టాలి. అది కట్టి, పగలకుండా తీసుకెళ్లి, వారంటీ లేకుండా వాడేకన్నా హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో కొనివ్వడం మేలు. పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, చేతిసంచిలోనే.

కౌంటర్‌లో షాపు క్రెడిట్ కార్డు తీసుకుంటే ఇంకో 20 శాతం తగ్గిస్తామంటున్నారు. తీసుకోనా?

కొత్తగా వచ్చిన విద్యార్థులకు నా సలహా: వద్దు. క్రెడిట్ హిస్టరీ ఇంకా మొదలవుతున్నప్పుడు ప్రతి దరఖాస్తూ స్కోరును కొంత తగ్గిస్తుంది. "12 నెలలు వడ్డీ లేదు" అన్నచోట మరీ జాగ్రత్త. చాలా షాపు కార్డుల్లో ఏడాదిలోపు మొత్తం తీర్చకపోతే, పది డాలర్లు మిగిలినా సరే, మొదటి రోజు నుంచి మొత్తం మీద వడ్డీ వేస్తారు. మాకు తెలిసిన ఒక అబ్బాయి సోఫా మీద అలా కట్టిన వడ్డీతో ఇండియాకి టికెట్ వచ్చేది.

డెలావేర్ వెళ్లి కొంటే ట్యాక్స్ ఉండదట, నిజమేనా?

అక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు, నిజమే. న్యూజెర్సీలో 6.625 శాతం. వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్‌కి 66 డాలర్ల పావు. డెలావేర్‌లోని క్రిస్టియానా మాల్ మాకు గంటన్నరకు పైనే, పోనూ రానూ టోల్, పెట్రోల్, సగం రోజు. పైగా చట్టప్రకారం అక్కడ కొని ఇక్కడ వాడేదానికి యూజ్ ట్యాక్స్ అని మన ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి కట్టాలి. బట్టలు, చెప్పులకైతే న్యూజెర్సీలోనూ ట్యాక్స్ లేదు.

పెద్దవాళ్లనూ చంటిపిల్లలనూ తీసుకురావచ్చా?

తలుపులు తీసే వేళకు వద్దు. 2008లో లాంగ్ ఐలాండ్‌లో ఒక షాపు దగ్గర తెల్లవారుజామున జనం తలుపుల్ని తోసుకుని లోపలికి పడితే, తలుపు దగ్గర నిలబడ్డ ఉద్యోగి వాళ్ల కాళ్ల కింద పడి చనిపోయాడు. ఆ రోజు మేమూ ఎడిసన్‌లో ఇంకో లైన్లో ఉన్నాం. ఇంటికొచ్చి టీవీలో చూశాం. చేతిలో ఉన్న సంచి కింద పెట్టాలని కూడా తోచలేదు. అప్పటినుంచి మేము తలుపు తీశాక పదిహేను నిమిషాలు ఆగి, ముందున్నవాళ్లంతా వెళ్లాక నడిచి వెళతాం. ఆ పదిహేను నిమిషాల్లో అయిపోయే వస్తువు మనకు అక్కర్లేదు. పెద్దవాళ్లను పది తర్వాత తీసుకెళ్లండి, కూర్చోవడానికి బెంచీలైనా దొరుకుతాయి.

న్యూయార్క్ పరేడ్ చూడటానికి వీలవుతుందా?

వీలవుతుంది. థాంక్స్‌గివింగ్ పొద్దున్న జరిగే ఈ ఊరేగింపును మేసీస్ అనే పెద్ద షాపు వాళ్లు 1924 నుంచి చేస్తున్నారు. మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కితే న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగచ్చు. ఆరున్నరకల్లా సెంట్రల్ పార్క్ పక్కన నిలబడాలి, మధ్యలో బాత్రూం దొరకదు. పిల్లలకు ఆరేడేళ్లు వచ్చాక ఒక్కసారి చూపించండి. బెలూన్ బొమ్మ నెత్తి మీదుగా వెళుతున్నప్పుడు మా పాప నోరు తెరుచుకుని వెనక్కి వంగి నా కాళ్ల మీద పడింది.

కొన్నది నచ్చకపోతే?

నవంబర్‌లో కొన్నవాటికి చాలా షాపులు జనవరి దాకా గడువిస్తాయి. ఎలక్ట్రానిక్స్‌కి గడువు తక్కువ ఉండచ్చు, రసీదు వెనక చూడండి. డబ్బా పారేయకండి. ఒక షాపు ధరకు ఇంకో షాపులో ఇవ్వడం ఆ నాలుగు రోజులూ చాలాచోట్ల ఆపేస్తారు.

నేను స్టూడెంట్‌ని, కొనడానికేం లేదు. ఊరికే భోజనానికి రావచ్చా?

మీరే ముందు రావాలి. క్యాంపస్ ఖాళీ అయిపోతుంది, మెస్ మూసేస్తారు, బస్సులు తగ్గుతాయి. ముందు రోజు మెసేజ్ పెడితే ఎవరో ఒకరు కారులో వచ్చి తీసుకొస్తారు. ఆ నాలుగు రోజులు గదిలో ఒక్కరే ఉండి నూడుల్స్ తినడం ఎలా ఉంటుందో మా మరిది 2004లో అనుభవించాడు. ఈ పిలుపులు మొదలుపెట్టింది వాడే.

భోజనానికి ముందు ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పాలి, ఈ ఏడాది ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటారో. మా పాప రెండో తరగతిలో అరచేతిని కాగితం మీద పెట్టి గీసి టర్కీ బొమ్మ చేసుకొచ్చి మొదలుపెట్టిన అలవాటు. తెలుగులో చెప్పచ్చు. మావయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు చాలాసేపు ఆలోచించి, "వీసా స్టాంపింగ్ రోజు హైదరాబాద్‌లో నా ఫైలు కింద పడితే కాగితాలన్నీ వరసగా ఏరిచ్చిన కుర్రాడు, పేరు అడగలేదు" అన్నారు. ఏం చెప్పాలో తోచకపోతే ఫర్వాలేదు, పక్కవాళ్లకు అందించేయండి.

ఏం తీసుకురావాలి? మిగిలినవి ఏం చేస్తారు?

కొని ఏమీ తేవద్దు. వండగలిగితే ఒక్క వంటకం. డబ్బా మీద వెజ్, నాన్‌వెజ్ అని టేపు అంటించి రాయండి, నాన్‌వెజ్ అయితే నేరుగా మా తోడికోడలు ఇంటికే.

మిగిలిన టర్కీని రెండు గంటల్లోపు ఎముకల నుంచి విడదీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఎముకలు మిరియాలు, ధనియాలతో రెండు గంటలు మరిగిస్తే శుక్రవారం రాత్రికి చారు. చలిలో తిరిగొచ్చిన గొంతుకు అది మందు. శనివారం మిగతా మాంసంతో పలావు, అన్నం ఉడికాక చివర్లో కలపాలి, ముందే వేస్తే పీచుపీచుగా అయిపోతుంది. వెళ్లేటప్పుడు అందరికీ దప్పళం, పులిహోర, పలావు సర్ది ఇస్తాం. కాబట్టి తలా రెండు ఖాళీ డబ్బాలు తెచ్చుకోండి, మూతలు గట్టిగా పట్టేవి. పోయినసారి బస్సులో దప్పళం కారి ఒకమ్మాయి ల్యాప్‌టాప్ సంచి అంతా పసుపైంది.